డయాలసిస్ మెషీన్ పక్కన కూర్చున్నాక బయోమెడికల్ చదవాలనుంది. సీఎస్‌ఈ సీటు వదులుకోవచ్చా?

ఉద్దానం పిల్ల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర ఒక పల్లె. ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. ఈఏపీసెట్‌లో 12 వేల లోపు ర్యాంకు వచ్చింది, జేఈఈ మెయిన్‌లో 50 వేల చిల్లర. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి, ఇంట్లో ఇంకా ఏదీ తేలలేదు.

మా తాతయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, మా వీధిలోనే ఇంకా ముగ్గురున్నారు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి. నాన్న జీడితోట పనుల్లో ఉంటే సెలవుల్లో నేనే తోడు వెళ్ళేదాన్ని. నాలుగు గంటలు పక్కన కూర్చోవాలి కదా, ఊరికే ఉండలేక మెషీన్ తెర మీద అంకెలు చూస్తూ ఉండేదాన్ని. కండక్టివిటీ 14.0 అని ఒకటి, వీనస్ ప్రెషర్ (తిరిగి ఒంట్లోకి వెళ్ళే రక్తం ఒత్తిడి) అని ఒకటి, ఒంట్లోంచి ఎంత నీరు తీశారో ఇంకొకటి. అక్కడి టెక్నీషియన్ అక్కని అడిగితే విసుక్కోకుండా చెప్పేది. తాతయ్య చెయ్యి కొంచెం మడిచినా ప్రెషర్ పెరిగి మెషీన్ అరిచేది. చెయ్యి చాపగానే అంకె దిగేది. మనిషి ఒంట్లో జరిగేది ఆ పెట్టెకి ఎలా తెలుస్తోందా అని అప్పట్నుంచీ నాకు ఒకటే ఆలోచన.

మొన్న వేసవిలో రెండు మెషీన్లు పాడైతే మీద గుడ్డ కప్పి ఒక పక్కకి నెట్టేశారు. పార్టు రావాలన్నారు. అది వచ్చేదాకా కొంతమందిని రాత్రి షిఫ్టుకి మార్చారు. రాత్రి పదకొండు దాటాక మా పల్లెలకి ఆటోలు దొరకవు. ముసలివాళ్ళు ఆసుపత్రి వరండాలోనే పడుకుని తెల్లారాక ఇళ్ళకి వెళ్ళేవారు. బాగుచేసే మనిషి దగ్గర్లో ఉంటే వీళ్ళకి ఈ అవస్థ ఉండేది కాదు కదా అనిపించింది. ఆ పని నేర్పే చదువేమిటని వెతికితే బయోమెడికల్ ఇంజనీరింగ్ అని తెలిసింది.

నాన్నేమో విజయనగరంలోనో రాజాంలోనో కంప్యూటర్స్ వస్తుంటే ఎవరికీ తెలియని బ్రాంచి ఎందుకమ్మా అంటున్నారు. ఆ బ్రాంచికి ఉద్యోగాలే ఉండవని మావయ్య. నేను పదో తరగతి తర్వాత బయాలజీ ముట్టుకోలేదు, అదొక టెన్షన్. ఆడపిల్లల్ని ఈ ఉద్యోగంలో ఊళ్ళు పట్టుకుని తిప్పుతారా? ఇక్కడే ఈసీఈ చదివి తర్వాత ఇటు రావచ్చా? ఈ రంగంలో ఉన్నవాళ్ళు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.


టెక్కలి సాఫ్ట్‌వేర్

చెల్లీ, నేను సీఎస్‌ఈ చదివి బెంగళూరులో స్కానింగ్ బొమ్మల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో ఉన్నాను. సీటీ స్కాన్‌లో మచ్చ ఎక్కడుందో గుర్తుపట్టే ప్రోగ్రాములు రాస్తాం. కాబట్టి కంప్యూటర్స్ చదివితే వైద్యానికి దూరమైపోతావని అనుకోకు. కానీ మా టీములో డాక్టర్లతో కూర్చుని ఏం కావాలో రాబట్టేది బయోమెడికల్ చదివినవాళ్ళే. మాకు బొమ్మ వచ్చాకే పని మొదలవుతుంది, ఆ బొమ్మ మెషీన్‌లో ఎలా పుడుతుందో వాళ్ళకి తెలుసు.

ఇంటికి తొందరగా డబ్బు అవసరమైతే సీఎస్‌ఈ తీసుకో, అందులో తప్పు లేదు. నీ మనసు ఆ పెట్టె మీదే ఉంటే మాత్రం సీఎస్‌ఈ నిన్ను దాని దగ్గరికి చేర్చదు.


కంచిలి సర్వీస్ ఇంజనీర్

చెల్లెమ్మా, మాది కంచిలి. హైదరాబాద్‌లో బయోమెడికలే చదివాను. ఇప్పుడు డయాలసిస్ మెషీన్ల సర్వీసు చూస్తాను, ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా నా ఏరియా. గుడ్డ కప్పి పెట్టిన మెషీన్లని మళ్ళీ వార్డులోకి పంపడమే నా ఉద్యోగం, అందుకని కాస్త పెద్దగా రాస్తున్నాను. మీ నాన్నగారికి కూడా చదివి వినిపించు.

ముందుగా, ఇది సగం డాక్టరు చదువు అనుకుని చేరేవాళ్ళున్నారు. రెండో ఏడాది వచ్చేసరికి వాళ్ళే బాధపడతారు. ఇది పూర్తిగా ఇంజనీరింగ్, అందులోనూ ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్స్. డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు వేరు, అది పారామెడికల్. వాళ్ళు మనిషికి డయాలసిస్ చేస్తారు, మనం మెషీన్‌ని నమ్మదగ్గట్టు ఉంచుతాం. మనిషి ఒంట్లో జరిగేది పెట్టెకి ఎలా తెలుస్తోందని అడిగావు చూడు, నాలుగేళ్ళూ దానికి జవాబే చదువుతావు.

మీ తాతగారి మెషీన్నే తీసుకో. రక్తం వైపు ఒక పంపు. రోలర్లు గొట్టాన్ని నొక్కుకుంటూ తిరిగి నిమిషానికి 250, 300 మిల్లీలీటర్ల రక్తాన్ని నడిపిస్తాయి. రెండో వైపు డయాలసేట్ అనే ఉప్పుల ద్రావణం, నిమిషానికి 500 మిల్లీలీటర్లు. నాలుగు గంటలకి లెక్క వేసుకో, ఒక్క మనిషికి ఒక్కసారికి 120 లీటర్లు. ఈ రెండూ డయలైజర్‌లో కలుసుకుంటాయి. అందులో సన్నటి బోలు దారాలు వేలకొద్దీ ఉంటాయి, వాటి గోడల్లోంచి మలినాలు రక్తం వైపు నుంచి ద్రావణంలోకి వచ్చేస్తాయి. ద్రావణంలో సోడియం ఎక్కువైనా తక్కువైనా ప్రాణం మీదకి వస్తుంది. అందుకే కండక్టివిటీ కొలుస్తారు. ఉప్పు ఎంత ఉంటే కరెంటు అంత బాగా పారుతుంది. ఆ అంకె 14 దగ్గర ఉండాలి. హద్దు దాటితే మెషీన్ ఆ ద్రావణాన్ని డయలైజర్‌కి వెళ్ళనివ్వకుండా పక్కదారిలో డ్రెయిన్‌కి పంపేస్తుంది.

రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్ళే గొట్టానికి ఒక పక్క నుంచి అల్ట్రాసౌండ్ పంపి రెండో పక్క పట్టుకుంటారు. గాలి బుడగ వస్తే ఆ సిగ్నల్ పడిపోతుంది, వెంటనే క్లాంప్ మూసుకుని పంపు ఆగుతుంది. డయలైజర్‌లో దారం తెగి రక్తం ఇవతలికి వస్తే వెలుతురుతో పసిగట్టే సెన్సర్ ఇంకొకటి. ద్రావణాన్ని 37 డిగ్రీల దగ్గర పట్టి ఉంచడానికి హీటరు, దాని వెనక కంట్రోల్ సిస్టమ్స్. తాతగారు చెయ్యి మడిచినప్పుడు అరిపించింది ఒత్తిడిని కొలిచే ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్. సర్క్యూట్లు, సిగ్నల్స్, మైక్రోకంట్రోలర్లు, ఫిజియాలజీ, అన్నీ ఆ ఒక్క పెట్టెలో ఉన్నాయి. పుస్తకంలో విడివిడిగా చదివినప్పుడు ఎందుకురా ఇవన్నీ అనిపిస్తుంది. మెషీన్ మూత తీసి చూస్తే ఏది ఎందుకో తెలుస్తుంది.

పని ఎలా ఉంటుందో కూడా చెప్తాను. ఒక మెషీన్‌కి కండక్టివిటీ అలారం వస్తే ఆ మెషీన్‌ని అనుమానిస్తాను. ఒకే షిఫ్టులో నాలుగైదింటికి వస్తే ఏదీ తెరవను. నేరుగా డయాలసేట్ కోసం బైకార్బొనేట్ పొడి కలిపిన క్యాన్ల దగ్గరికి వెళ్తాను. పొడి సరిగ్గా కరగలేదో, నీళ్ళ కొలత తేడా వచ్చిందో అక్కడ తెలుస్తుంది. క్యాన్లు బాగుంటే ద్రావణాన్ని బయటి మీటర్‌తో కొలిచి, మెషీన్ చూపించే అంకెతో సరిచూస్తాను. రెండిటికీ తేడా ఉంటేనే కండక్టివిటీ కొలిచే సెల్ మీద చెయ్యి వేస్తాను. తొందరపడి కాలిబ్రేషన్ (మెషీన్ కొలతని సరిచేసే సెట్టింగు) మార్చేస్తే అలారం ఆగిపోతుంది, కానీ తప్పు ద్రావణం మనిషికి వెళ్తుంది. ఈ వరస బుర్రకి ఎక్కించేదే మంచి కాలేజీ.

నీళ్ళ గురించి చెప్పకుండా ఉండలేను, మన ఉద్దానంలో నీళ్ళ మాట ఎత్తని ఇల్లు లేదు కాబట్టి. తాగడానికి మంచిదైన నీరు డయాలసిస్‌కి పనికిరాదు. కుళాయి నీటిలో క్రిములు చావడానికి కలిపే క్లోరిన్, క్లోరమిన్ మనం తాగితే ఏమీ కాదు. అదే డయలైజర్ దాటి రక్తంలో కలిస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే ఆర్వోకి ముందు కార్బన్ ఫిల్టర్లు ఉంటాయి, షిఫ్టు మొదలుపెట్టే ముందు క్లోరిన్ పరీక్ష చేస్తారు. మంచి మెషీన్ కొన్నామని ఆర్వో గదిని పట్టించుకోని చోట ఆ మెషీన్‌కి విలువ లేదు, నా అభిప్రాయం ఇది గట్టిగా చెప్తాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. స్తంభాలన్నీ పడిపోయాయి, కరెంటు లేదు. జనరేటర్ మీద మెషీన్లు నడిపితే వోల్టేజీ ఎగుడుదిగుడై పవర్ సప్లై బోర్డులు పోయేవి. కరెంటు పోగానే మెషీన్‌లోని బ్యాటరీ కాసేపు పంపుని తిప్పుతుంది, గొట్టాల్లో ఉన్న రక్తాన్ని మనిషికి తిరిగి ఇచ్చేయడానికి. అదీ అయిపోతే చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది. ఒక సిస్టర్ ఆ హ్యాండిల్ తిప్పుతూ గొట్టం చివర బుడగ వస్తుందేమోనని కన్ను తిప్పకుండా చూడటం నా కళ్ళముందు జరిగింది. ఈ పని వదిలి సాఫ్ట్‌వేర్‌కి వెళ్దామని అప్పటిదాకా ఉన్న ఆలోచన ఆ వారంతో పోయింది.

ఈ మెషీన్ పుట్టుక కూడా నీకు తెలియాలి. 1943లో నెదర్లాండ్స్ జర్మన్ల ఆక్రమణలో ఉండగా విల్లెం కోల్ఫ్ అనే డాక్టర్ కాంపెన్ అనే చిన్న ఊళ్ళో దీన్ని తయారుచేశాడు. తిరిగే డ్రమ్ముకి సెల్లోఫేన్ గొట్టం చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిప్పాడు. ఊళ్ళోని ఎనామిల్ ఫ్యాక్టరీ వాళ్ళు చెయ్యి వెయ్యకపోతే అది తయారయ్యేది కాదు. 1945లో ఒక మనిషి దానివల్ల బతికింది. అటు సీటీ స్కానర్ కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ డాక్టరే కాదు, ఇంజనీర్. 1979లో నోబెల్ ఇచ్చారు. మన హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలకి కాళ్ళకి కట్టే కిలోల బరువుండే కాలిపర్లు వాడుతుంటే, క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి మెటీరియల్‌తో అబ్దుల్ కలాం బృందం వాటిని వందల గ్రాములకి తెచ్చింది. ఎవరికీ తెలియని బ్రాంచి అంటున్న నాన్నగారికి ఈ సంగతి చెప్పు.

ఇక ఉద్యోగాల సంగతి. నాకు మొదట నెలకి 16 వేలు ఇచ్చారు. అదే ఏడు ఐటీకి వెళ్ళిన నా స్నేహితుడికి దానికి రెట్టింపు. మా బ్యాచ్‌లో సగానికి పైగా సాఫ్ట్‌వేర్‌కే వెళ్ళిపోయారు, ఎందుకంటే క్యాంపస్‌కి మెడికల్ కంపెనీలు తక్కువ వస్తాయి. నిలబడ్డవాళ్ళకి నాలుగైదేళ్ళు దాటాక బాగుంటుంది, అప్పటిదాకా ఓర్చుకోవాలి. ఆసుపత్రుల్లో బయోమెడికల్ విభాగం, కంపెనీల సర్వీసు, తయారీ, నాణ్యత, లైసెన్సుల పని, ఇలా దారులున్నాయి. 2017లో మెడికల్ డివైజెస్ రూల్స్ వచ్చి, 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం కిందకి వచ్చాక ఆ కాగితాల పని తెలిసినవాళ్ళకి గిరాకీ పెరిగింది. విశాఖ స్టీల్ ప్లాంట్ దగ్గర 270 ఎకరాల్లో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది కదా, మా తరానికి లేని అవకాశం అది. ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాల మరమ్మతు 2015 నుంచి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఎక్కువగా కాంట్రాక్టుల మీద నడుస్తోంది. పర్మనెంట్ సర్కారు కొలువు అనుకుని మాత్రం చేరకు.


రాజాం అక్క

అమ్మా, ఆడపిల్లల సంగతి అడిగావు, అది నేను చెప్తాను. మాది రాజాం. విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రిలో బయోమెడికల్ విభాగంలో పనిచేస్తున్నాను. సర్వీసు కంపెనీ అయితే పై అన్నయ్యలా తిరగాలి, రాత్రిళ్ళు ప్రయాణాలు తప్పవు. ఆసుపత్రి ఉద్యోగం అలా కాదు. ఒకే చోట, ఎక్కువగా పగటి డ్యూటీ, వంతులవారీగా ఆన్‌కాల్. మా విభాగంలో ఆడవాళ్ళం సగం మందిమి. వెంటిలేటర్ బరువు మొయ్యాలేమో అని మా అమ్మ భయపడేది. వాటికి చక్రాలుంటాయి.

పొద్దున్నే రౌండ్‌కి వెళ్తాం. డీఫిబ్రిలేటర్లని రోజూ డిశ్చార్జ్ చేసి చూస్తారు, లయ తప్పి కొట్టుకునే గుండెకి షాక్ ఇవ్వాల్సిన వేళకి అది పనిచెయ్యకపోతే రెండో అవకాశం ఉండదు. మందుని కొద్దికొద్దిగా ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు గంటకి 5 మిల్లీలీటర్లు అంటే నిజంగా 5 పంపుతోందా అని ఎనలైజర్ పెట్టి కొలుస్తాం. పరికరం పైరేకు నుంచి రోగికి కరెంటు లీకవుతోందేమో చూస్తాం. మనం షాక్ అనుకునేది మిల్లీఆంపియర్లలో ఉంటుంది. గుండెకి నేరుగా తగిలే తీగ ఉన్న రోగికి మైక్రోఆంపియర్లు కూడా ప్రమాదమే. ఇది కాలేజీలో ఎలక్ట్రికల్ సేఫ్టీ అని ఒక చిన్న పాఠంగా చెప్పి వదిలేస్తారు. నువ్వు మాత్రం వదలకు.

2021లో కోవిడ్ రెండో విడతలో మా ముందున్న సమస్య ఆక్సిజన్ పైపులైను ప్రెషర్. ముక్కు ద్వారా ఆక్సిజన్ ఇచ్చే హై ఫ్లో పరికరం ఒక్కటే నిమిషానికి 60 లీటర్ల దాకా లాగుతుంది. అలాంటివి ఒకే వార్డులో వరసగా పెడితే చివరి మంచం దగ్గరికి వచ్చేసరికి ప్రెషర్ పడిపోయేది. ఏ మంచానికి ఏది పెట్టాలో డాక్టర్లూ మేమూ కూర్చుని పంచుకున్నాం. ఆ గదిలో మా మాటకి డాక్టర్లు ఆగి విన్నారు. ఈ చదువు మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

బయాలజీ గురించి దిగులు వద్దు. అనాటమీ, ఫిజియాలజీ మొదటి నుంచి చెప్తారు, మా క్లాసులో దాదాపు అందరం ఎంపీసీ వాళ్ళమే. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, నరాలు బాగా చదువుకో. గుండె నీకు కొత్త కాబట్టి కష్టంగా ఉంటుందనుకుంటావు గానీ, చాలామందికి కష్టమయ్యేది మ్యాథ్స్. సిగ్నల్‌ని అలలుగా విడగొట్టి చూసే ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ లెక్క రాకపోతే ఈసీజీ సిగ్నల్ లేదు, ఎమ్మారై బొమ్మ లేదు.


గంటస్తంభం ఈసీఈ మాస్టారు

విజయనగరంలో ఈసీఈ చెప్తాను. అమ్మాయి అడిగిన చివరి ప్రశ్నకి నా జవాబు: వచ్చు, సులువుగా వచ్చు. ఇక్కడే ఈసీఈలో చేరి ఇన్‌స్ట్రుమెంటేషన్, సిగ్నల్ ప్రాసెసింగ్ గట్టిగా చదివి, ప్రాజెక్టు వైద్య పరికరాల మీద చెయ్యవచ్చు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో బయోమెడికల్‌కి 2020 నుంచి విడిగా పేపర్ ఉంది, ఈసీ పేపర్ రాసినా చాలాచోట్ల తీసుకుంటారు. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థ మూడూ కలిసి క్లినికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ నడుపుతున్నాయి. ఆసుపత్రిలోనే ఉండి నేర్చుకునే చదువు అది. మన దేశంలో తక్కువ ధరకి గుండె కవాటం తయారుచేసింది ఆ శ్రీచిత్ర వాళ్ళే, 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు.

నా అనుభవంలో పదిహేడేళ్ళ వయసు ఇష్టాలు మారతాయి. ఈసీఈ అయితే మనసు మారినా దారి మూసుకుపోదు. అమ్మాయి రాసింది చదివాక మాత్రం, ఈ పిల్ల మనసు మారేలా లేదనిపిస్తోంది. అది కూడా నిజాయితీగా చెప్పాలి కదా.


బొబ్బిలి టు రాయపూర్

అక్కా అనాలో చెల్లీ అనాలో తెలియదు, నేను రాయపూర్ నిట్‌లో బయోమెడికల్ మూడో ఏడు. మనవాళ్ళు రాయపూర్ అంటే ఎక్కడో అనుకుంటారు. విజయనగరంలో రైలెక్కితే బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా నేరుగా లైను. రూర్కెలా నిట్‌లోనూ ఈ బ్రాంచి ఉంది. మన హోం స్టేట్ కోటా తాడేపల్లిగూడెం నిట్‌కే, ఈ రెండు చోట్లా అదర్ స్టేట్ కోటాలో చూసుకోవాలి. కిందటేడు జోసా (ఐఐటీ, నిట్ సీట్ల కౌన్సెలింగ్) క్లోజింగ్ ర్యాంకులు అన్ని రౌండ్లవీ చూడు, చివరి రౌండుకి బాగా దిగుతాయి. ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపు అయితే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 5 లక్షల లోపు అయితే మూడింట రెండు వంతులు మాఫీ. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకో.

ల్యాబ్ గురించి ఒకటి. రెండో ఏడాదిలో మేమే బ్రెడ్‌బోర్డు మీద ఈసీజీ సర్క్యూట్ కట్టాం. గుండె నుంచి చర్మం మీదకి వచ్చే సిగ్నల్ ఒక మిల్లీవోల్టు. గోడలో కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోల దానికంటే ఎంతో పెద్దది. ఆన్ చెయ్యగానే తెరంతా ఆ గోలే. రెండు చేతుల సిగ్నళ్ళనీ ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్‌కి ఇచ్చి, రెండిటిలోనూ సమానంగా ఉన్నదాన్ని తీసేయించి, కుడికాలికి మూడో ఎలక్ట్రోడ్ పెట్టి సర్క్యూట్ నుంచి వెనక్కి ఫీడ్‌బ్యాక్ ఇస్తే గోల అణిగింది. అప్పుడు నా ఫ్రెండ్ గుండె తెర మీద కొట్టుకుంటూ కనిపించింది. ఆ రాత్రి హాస్టల్‌లో అందరినీ పిలిచి చూపించాం.


ఉద్దానం పిల్ల

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి అన్నీ నాన్నకి చదివి వినిపించాను. కరెంటు పోతే హ్యాండిల్ తిప్పుతారన్న దగ్గర తాతయ్య కూడా లేచి కూర్చుని విన్నారు, తిత్లీ అప్పుడు పక్క మంచం ఆయనకి అలాగే చేశారట. నాన్న ఇప్పుడు వద్దనడం లేదు. కానీ రెండు అడగమన్నారు. ఆంధ్రలో ఈ బ్రాంచి ఉన్న కాలేజీ మంచిదో కాదో మాలాంటివాళ్ళం వెళ్ళి ఎలా తెలుసుకోవాలి? చదివాక మన జిల్లాలోనే ఉండే అవకాశం ఉందా, లేక పిల్ల ఎప్పటికీ దూరమేనా?


కంచిలి సర్వీస్ ఇంజనీర్

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

మన రాష్ట్రంలో ఈ బ్రాంచి ఉన్నవి తక్కువ, గుంటూరు దగ్గర వడ్లమూడి విజ్ఞాన్‌లో ఉంది. తమిళనాడులో చాలా కాలేజీల్లో ఎప్పట్నుంచో ఉంది. నేను చదివిన రోజుల్లో హైదరాబాద్‌లో మనకి నాన్‌లోకల్ కోటా ఉండేది, ఇప్పుడు రూల్స్ మారాయి కాబట్టి తెలంగాణ సంగతి ఈ ఏటి నోటిఫికేషన్ చూశాకే తేల్చుకోండి. ఎక్కడికి వెళ్ళినా బిల్డింగులు చూడొద్దు, ప్లేస్‌మెంట్ పోస్టర్లూ చూడొద్దు. బయోమెడికల్ ల్యాబ్ తాళం తీయించండి. ఈసీజీ సిమ్యులేటర్, ఎలక్ట్రికల్ సేఫ్టీ ఎనలైజర్ ఉన్నాయా అని అడగండి, ఉంటే వాటి మీద దుమ్ము ఉందో లేదో చూడండి. పాత వెంటిలేటరో, మానిటరో మూత తీసి ఉంటే చాలా మంచి గుర్తు, పిల్లల చేత విప్పిస్తున్నారన్నమాట. ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది, ట్రైనింగ్ ఎన్ని నెలలు, అక్కడ వార్డులోకి వెళ్ళనిస్తారా లేక ఆఫీసులో కూర్చోబెట్టి సర్టిఫికెట్ ఇస్తారా, ఇది మాత్రం సీనియర్లని అడగాలి, సార్లని కాదు. క్యాంటీన్ దగ్గర నిలబడి ఇద్దరు ఫైనలియర్ పిల్లలతో మాట్లాడితే అరగంటలో తెలిసిపోతుంది.

జిల్లాలో ఉండటం గురించి. మొదటి నాలుగైదేళ్ళు విశాఖో, హైదరాబాదో, చెన్నైయో వెళ్ళక తప్పదు, పెద్ద ఆసుపత్రిలో అన్ని రకాల మెషీన్లూ చేతికి రావాలి. తర్వాత రావచ్చు, నేను వచ్చాను. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. శ్రీకాకుళంలో, విజయనగరంలో, నెల్లిమర్లలో మెడికల్ కాలేజీలున్నాయి. డయాలసిస్ మంచాలు మండలాల దాకా వచ్చాయి. మెషీన్లు ఇన్ని పెరిగాయి, వాటిని చూసేవాళ్ళం మాత్రం చాలడం లేదు. నేను ఇచ్ఛాపురంలో ఉండగా పాలకొండ నుంచి ఫోన్ వస్తే ఆ రోజుకి చేరలేను, అక్కడ మనిషి ఎదురుచూడాల్సిందే. ఆ మధ్యలో ఇంకొక ఇంజనీర్ కావాలి. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందన్నది ఇంకా తేలలేదు, ఆ పరిశోధనకీ నీలాంటి ఇక్కడి పిల్లలు కావాలి.

ఆప్షన్ల విషయంలో నేనైతే ఇలా పెడతాను. జోసాలో రాయపూర్, రూర్కెలా బయోమెడికల్ ముందు. అవి రాకపోతే ఆంధ్రలో బయోమెడికల్, కానీ నాన్నగారితో వెళ్ళి ల్యాబ్ చూసి నచ్చితేనే. ల్యాబ్ నచ్చకపోతే మాస్టారు చెప్పినట్టు విజయనగరంలోనో రాజాంలోనో ఈసీఈ, తర్వాత గేట్. పేరుకి మాత్రమే బయోమెడికల్ అని చెప్పి ఎలక్ట్రానిక్స్ నేర్పని చోట చేరడం కంటే ఆ దారి చాలా మేలు. జోసా రౌండ్లు పూర్తయ్యేదాకా ఫ్లోట్‌లో ఉండు (వచ్చిన సీటు ఉంచుకుని పై ఆప్షన్ కోసం చూడటం), తొందరపడి ఫ్రీజ్ (ఇదే చాలని ఖాయం చెయ్యడం) కొట్టకు. ఈఏపీసెట్ సీటు వచ్చిందని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా ముందే ఇచ్చెయ్యకండి, తర్వాత వెనక్కి తెచ్చుకోవడం తలనొప్పి. ల్యాబ్ చూసొచ్చాక అక్కడ ఏమేం కనిపించాయో ఇక్కడే రాయి, నేనూ రాజాం మేడమ్ గారూ చూసి చెప్తాం.